నాలుగో అర

సోమవారం నుంచీ కంప్యూటరు ఆవలిస్తోంది.
ఒక పడవ తూకం ఎక్కించి మీట నొక్కి
కాఫీ తాగి, కప్పు కడుక్కుని వచ్చినా
తెర మీద ఆ చక్రం తిరుగుతూనే ఉంది.
బయట క్లాక్స్‌విక్ రేవులో
కాడ్ చేపల పెట్టెల మీద మంచు కరుగుతోంది,
కొనేవాళ్లు నా కిటికీ వైపు చూస్తున్నారు.
నేను వేలం గుమాస్తాని.
తూకం నా పని, డిస్కు నా పని కాదు.
తిట్లు మాత్రం నాకే.

రన్వా వచ్చింది, తడిసిన ఉన్ని టోపీతో.
సర్వరు ముందుకి స్టూలు లాక్కుంది.
నాడి పట్టిన వైద్యుడిలా చాలాసేపు మాట్లాడలేదు.
"ప్రాసెసరు ఖాళీగా గోళ్లు గిల్లుకుంటోంది,
మెమరీకీ లోటు లేదు,
అందరూ డిస్కు గుమ్మంలో వరస కట్టారు" అంది.
ఎనిమిది మిల్లీసెకన్లలో రావాల్సిన జవాబు
తొమ్మిది వందలకు వస్తోందట.
అంకెలు నాకు తెలియవు.
వందరెట్ల ఆలస్యం తెలుసు.
మా నాన్న పడవ ఒకసారి అలాగే వచ్చింది.

అరలు ఆరు, డిస్కులు ఆరు.
నాలుగోది అన్నింటికన్నా నెమ్మది.
దాని ఆరోగ్య నివేదిక తెరిచి చూస్తే
చెడిన గళ్లు సున్నా,
అనుమానపు గళ్లు సున్నా.
గుమ్మడికాయల దొంగ అంటే
పాపం, భుజం తడుముకోనైనా లేదు.
అయినా దొంగ అదేనన్నాం.
కేబులు మార్చాం, కంట్రోలరు మార్చాం,
కొత్త డిస్కుకి కోపెన్‌హాగన్‌కి కబురు పెట్టాం.
పొగమంచులో విమానం దిగలేక వెనక్కి పోయింది.
ఓడలో వచ్చేసరికి గురువారం.

రన్వా పాతదాన్ని ఊడబెరికి
దాని నుదుటి మీద ఎర్ర మార్కరుతో
మా భాషలో ఒకే మాట రాసింది:
చచ్చింది.

రాత్రంతా కొత్తది ఎక్కుతూ కూర్చుంది.
ఇరవై శాతం. ముప్పై ఒకటి.
ముప్పై ఒకటి.
ముప్పై ఒకటి.
రన్వా ఏమీ అనలేదు, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంది.
కాగితం మీద వేళలు రాయడం మొదలెట్టింది:
పన్నెండు నిమిషాలు నత్తనడక,
నలభై నిమిషాలు మామూలు పరుగు,
మళ్లీ పన్నెండు.
"ఇది జబ్బు కాదు," అంది, "ఎవరిదో డ్యూటీ."

అప్పుడే లిగాయా వచ్చింది తుడవడానికి.
మనీలా దగ్గరి ఊరి మనిషి, ఇక్కడ తొమ్మిదేళ్లు.
కర్రను గోడకు ఆనించి బకెట్ ఎత్తబోతే
కర్ర దానంతటదే జారి పడింది.
నిలబెట్టింది. మళ్లీ పడింది.
"సోమవారం నుంచీ ఇంతే," అంది విసుగ్గా,
"ఈ గోడ దేన్నీ నిలవనివ్వడం లేదు."

గోడకు చెవులుంటాయని అందరూ అంటారు.
నాడి ఉంటుందని ఆ పూట తెలిసింది.
రన్వా అరచేయి ఆనించింది,
తర్వాత చెంప.
అవతలి గదిలో శీతలగిడ్డంగికి
సోమవారం కొత్త కంప్రెసరు బిగించారు,
నేలకి నేరుగా, నాలుగు బోల్టులతో.
అది గుర్రుపెట్టినప్పుడల్లా
గోడ పట్టిన చోటే, నాలుగో అర దగ్గరే,
డిస్కు సూది గీత తప్పుతోంది,
మళ్లీ వెతుక్కుంటోంది, మళ్లీ తప్పుతోంది.
వణికే పడవలో సూదికి దారం ఎక్కించడమే
అది ఇన్నాళ్లూ చేస్తున్నది.
అత్త మీద కోపం దుత్త మీద చూపించాం.

పాత టైరు కోసి కంప్రెసరు కింద పెట్టారు.
శుక్రవారం తూకాలు టకటకా పడ్డాయి.
ఎవరూ ఎందుకని అడగలేదు,
బాగుపడ్డదాన్ని ఎవరడుగుతారు.
లిగాయాకి నేనొక హాలిబట్ ఇచ్చాను,
"కర్రకి కదా ఇవ్వాలి" అని నవ్వింది.

పాత డిస్కుని రన్వా రెండు రోజులు పరీక్షించింది.
ఒక్క తప్పూ లేదు.
స్పిరిట్ పెట్టి రుద్దింది, గోటితో గీకింది,
ఎర్ర సిరా పోలేదు.
ఆరో దాన్ని తీసి అక్కడ పెట్టింది.
అలా చచ్చింది అని రాసుకునే
పని చేస్తోంది.